పసరు వాంతి వెనుక ప్రేవుల మెలిక

జీర్ణవ్యవస్థ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "అంత పొడవైన ప్రేవులు పొట్టలో మెలిపడవా అండీ, మాస్టారూ?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

మన ముమ్మిడివరం ఇళ్ళలో ఉయ్యాలలు చూసే ఉంటారు. దూలానికి ఒకేచోట కట్టిన చీర ఉయ్యాల గిరగిర తిరిగి మెలిపడుతుంది. రెండు గొలుసులు దూరదూరంగా ఉన్న చెక్క ఉయ్యాల మెలిపడదు. చిన్న ప్రేవు ఈ రెండో రకం. ఆంత్రయోజని అనే పలుచని పొర దానిని పొట్ట వెనుక గోడకు, ఎడమ పైభాగం నుండి కుడి క్రిందిభాగం దాకా, పొడవుగా పట్టి ఉంచుతుంది. ప్రేవుకు రక్తం అందేదీ ఆ పొర ద్వారానే.

ఈ అమరిక ఎలా వచ్చింది? ఆరవ వారంలో పిండం ప్రేవులు చోటు చాలక బొడ్డుతాడులోకి చొచ్చుకుపోతాయి! పదవ వారానికి లోపలికి మళ్ళుతాయి. పోతూ వస్తూ గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో 270 డిగ్రీలు, అంటే ముప్పాతిక చుట్టు, తిరుగుతాయి. సుమారు 500 మందిలో ఒకరికి ఈ చుట్టు పూర్తికాదని అంచనా. అప్పుడు ఆ పొర మొదలు ఇరుకై, ప్రేవు చీర ఉయ్యాలలా వేలాడుతుంది. కొందరికి జీవితాంతం ఏ బాధా ఉండదు. బాధ వస్తే మాత్రం ఎక్కువగా మొదటి నెలలోనే. మెలిపడితే రక్తం ఆగి, గంటలలో ప్రేవు కుళ్ళిపోవచ్చు.

గుర్తు ఒక్కటే ముఖ్యం: ఆకుపచ్చని వాంతి. పైత్యరసం ఆంత్రమూలంలో పడుతుంది. దానికి దిగువన దారి మూసుకుంటే పైకి తన్నుకొస్తుంది. "పసరు పోయిందిలే, మంచిదే" అంటారు కొందరు పెద్దలు. పసికందు విషయంలో ఆ మాట వినకండి. పొట్ట ఉబ్బకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మా చిన్నతనంలో కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలంటే యెదుర్లంక రేవులో పంటు కోసం కాచుకోవాలి. ఇప్పుడు వంతెన ఉంది, 108 ఉంది.

మామూలు ఎక్స్‌రేలో ఈ లోపం తేలదు. అందుకని కిరణాలను అడ్డుకునే ద్రవం తాగించి చిత్రాలు తీస్తారు. ఆంత్రమూలం వెన్నెముకను దాటి ఎడమకు చేరాలి. కుడివైపే ఉండి స్ప్రింగులా చుట్టలు తిరిగితే అనుమానం తీరినట్టే. అల్ట్రాసౌండులోనైతే రక్తనాళాలు గోదావరి సుడిలా కనిపిస్తాయి. బిడ్డ మరీ నీరసిస్తే పరీక్షలకు ఆగక ఆపరేషన్ చేస్తారు.

బోస్టన్ వైద్యుడు విలియం లాడ్ 1936లో ప్రకటించిన పద్ధతినే నేటికీ అనుసరిస్తున్నారు. మెలి విప్పి, అడ్డుపడిన పొరలు కోసి, ఆంత్రయోజని మొదలును వెడల్పు చేస్తారు. చిత్రమేమిటంటే, ప్రేవులను మనందరికీ ఉన్నట్టు సర్దరు! చిన్న ప్రేవును కుడికి, పెద్ద ప్రేవును ఎడమకు చేరుస్తారు. గొలుసులు దూరం జరిపినట్టన్నమాట. అపెండిక్స్‌ను సాధారణంగా తీసేస్తారు. ఎందుకంటే అదీ ఎడమకు పోతుంది. రేపు అది వాచి ఎడమవైపు నొప్పి పుడితే ఏ డాక్టరుకు తడుతుంది?