పరుపు కొంటున్నారా? పచ్చాకు బొమ్మ కాదు, ముద్ర చూడండి

పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే రాయవేలూరులోనూ, గుడియాత్తంలోనూ ఫర్నిచర్ దుకాణాలు కిటకిటలాడతాయి. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారె సామానులో మంచం, పరుపు, బీరువా పెట్టడం మన ఇళ్ళలో ఆనవాయితీ. అప్పు చేసైనా మంచివి కొనాలని తల్లిదండ్రులు తాపత్రయపడతారు. ఈ మధ్య మందు కోసం వచ్చేవాళ్ళలో కొందరు ఇలా అడుగుతున్నారు: "హకీం గారూ, మా అమ్మాయికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. దుకాణంలో ఒక పరుపు మీద పచ్చాకు బొమ్మ వేసి 'ఎకో ఫ్రెండ్లీ' అని రాశారు. రేటు బాగా ఎక్కువ చెబుతున్నారు. అది కొంటే అమ్మాయికి ఇబ్బంది ఉండదా?"

ఇది చాలామందికి పనికొచ్చే ప్రశ్న. అంచేత ఈ వారం మందుల సంగతి పక్కనపెట్టి మంచాలు, పరుపుల మీద ఉండే పర్యావరణ ముద్రల గురించి తెలుసుకుందాం.

యునానీ ఏం చెబుతుంది?

యునానీ వైద్యంలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఉన్నాయి. అంటే మనిషి బతకడానికి తప్పనిసరైన ఆరు అంశాలు. అవి గాలి, అన్నపానాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. వీటిలో గాలిని మొదట చెబుతారు. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథం మొదటి భాగంలోనే గాలి గురించి విపులంగా చర్చించాడు.

పరుపు దగ్గర ఈ ఆరింటిలో రెండు కలుస్తాయి. ఒకటి నిద్ర, రెండోది గాలి. రోజుకు ఏడెనిమిది గంటలు ముక్కు పరుపుకు జానెడు దూరంలో ఉంటుంది. అన్నం బాగుందా, పాచిపోయిందా అని చూసి తింటాం. పడక నుంచి వచ్చే గాలిని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కళ్ళముందు తయారైన పరుపు

పూర్వం ఈ చిక్కు లేదు. దూదేకులవాళ్ళు విల్లు పట్టుకుని వీధిలోకి వచ్చేవారు. పాత పరుపు విప్పి, ఉండలు కట్టిన దూదిని మన అరుగు మీదే ఏకి, దుమ్ము దులిపి, మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. లోపల ఏముందో ఇంటిల్లిపాదీ కళ్ళారా చూసేవారు. బూరుగు దూది కావాలంటే అదే వేయించుకునేవారు. తమిళ దుకాణాల్లో ఇలవం పంజు అని అడిగితే ఇచ్చేది మన బూరుగు దూదే. మంచమంటే నులక మంచమో, నవారు మంచమో. నులక వదులైతే బిగించుకోవడమే కానీ మంచాన్ని పారేయడం లేదు.

ఇప్పుడు పరుపు మూటగట్టి ప్లాస్టిక్ కవర్‌లో వస్తోంది. లోపల ఉన్నది ఫోమా, పీచా, రబ్బరా, ఏ జిగురుతో అతికించారు అన్నది మనకు కనపడదు. మంచం పైకి టేకులా కనిపిస్తుంది, లోపల రంపపు పొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు ఉంటుంది. మన కంటికి కనపడనిదాన్ని మన తరఫున ఇంకొకరు పరీక్షించి చెప్పడమే ముద్ర పని. అందుకే ముద్ర అవసరం వచ్చింది.

కొత్త వాసన ఎక్కడిది?

ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. బోర్డులలో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. ఆ బోర్డుల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. కళ్ళు మండటం, గొంతు గరగర, ముక్కు కారడం, ఆయాసం ఉన్నవాళ్ళకు అది పెరగడం దీని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంటి గాలిలో అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది.

ఫోము పరుపుల్లో వాసనతో పాటు ఇంకో సంగతి ఉంది. మంటలు అంటుకోకుండా ఉండటానికి కొన్ని దేశాల్లో ఫోములో బ్రోమిన్ రసాయనాలు కలిపేవారు. ఇవి ఒంట్లో కొవ్వులో పేరుకుంటాయి, నేలలో త్వరగా నశించవు. వీటిలో కొన్నింటిని 2009లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. మన దేశం కూడా 2018లో నిబంధనలు తెచ్చి వాటిని నిషేధించింది.

ముద్రలు మూడు రకాలు

మొదటి రకం: తయారీదారుతో సంబంధం లేని సంస్థ, నిబంధనలు పెట్టి, పరీక్షించి ఇచ్చేది. నమ్మదగిన రకం ఇదే.

రెండో రకం: తయారీదారు తనంతట తానే రాసుకునేది. 'ఎకో ఫ్రెండ్లీ', 'గ్రీన్', 'నేచురల్', పచ్చాకు బొమ్మ వగైరా. వెనక రుజువు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మనం అడగాలి.

మూడో రకం: సరుకు తయారీలో ఎంత విద్యుత్తు, ఎంత నీరు ఖర్చయింది అని లెక్కలు మాత్రం ఇచ్చేది. ఇది మంచిదీ అనదు, చెడ్డదీ అనదు. పెద్ద పెద్ద కట్టడాలు కట్టేవాళ్ళకు పనికొస్తుంది.

మన దేశపు మట్టికుండ

మన కేంద్ర ప్రభుత్వం 1991లోనే 'ఎకోమార్క్' అనే పథకం పెట్టింది. దాని గుర్తు మట్టికుండ. మట్టితో చేసినది, తక్కువ ఇంధనంతో తయారయ్యేది, పగిలినా నేలకు హాని చేయనిది అని ఆ గుర్తు పెట్టారు. వస్త్రాలు, తోలు, చెక్కకు బదులు వాడే పదార్థాలు వంటివి ఆ జాబితాలో ఉండేవి. ఆలోచన ఎంతో బాగుంది కానీ ముందుకొచ్చిన తయారీదారులు తక్కువ. కొనేవాళ్ళు అడగలేదు, అమ్మేవాళ్ళు పెట్టలేదు. 2024 సెప్టెంబరులో ఆ పథకం స్థానంలో కొత్త ఎకోమార్క్ నిబంధనలు వచ్చాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, భారత ప్రమాణాల సంస్థతో కలిసి దీన్ని చూస్తుంది.

ఐ.ఎస్.ఐ. గుర్తును చూసి ఇదే పర్యావరణ ముద్ర అనుకునేవారున్నారు. అది నాణ్యత గుర్తు, పర్యావరణ ముద్ర కాదు. అలాగని పనికిరానిదీ కాదు. రబ్బరు కలిపిన కొబ్బరి పీచు షీట్లకు ఐ.ఎస్. 8391, మామూలు ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303 అని ప్రమాణాలున్నాయి.

హైదరాబాదులో సి.ఐ.ఐ. గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు దాన్ని ప్రారంభించారు. అక్కడి నుంచి ఇచ్చే 'గ్రీన్‌ప్రో' ముద్ర ఫర్నిచర్‌కు కూడా ఉంది.

బయటి దేశాల ముద్రలు: ఏది దేనికి?

ఈ ముద్రలన్నింటికీ పెద్దన్న జర్మనీ 'బ్లూ ఏంజెల్'. 1978లో మొదలైంది. యూరోపియన్ యూనియన్ పువ్వు గుర్తు 1992లో వచ్చింది. పరుపులకు 2014లో, ఫర్నిచర్‌కు 2016లో దానికి కొత్త నిబంధనలు పెట్టారు. ఈ రెండూ సరుకు మొత్తాన్ని చూస్తాయి. మన బజారులో కనిపించే మిగతా ముద్రలు చాలావరకు ఒక్కో భాగాన్నే చూస్తాయి. అక్కడే జనం పొరబడుతున్నారు.

ఎఫ్.ఎస్.సి. ముద్ర చెక్క సక్రమంగా నడిచే అడవి నుంచి వచ్చిందని చెబుతుంది. ఆ చెక్కను అతికించిన జిగురు గురించి హామీ ఇవ్వదు.

ఓకోటెక్స్ స్టాండర్డ్ 100 ముద్రకు హానికర రసాయనాల పరీక్ష చేస్తారు. గలీబు గుడ్డకు మాత్రమే ఆ ముద్ర ఉంటే లోపలి ఫోముకు వర్తించదు.

సర్టిప్యూర్ ముద్ర ఫోముకు మాత్రమే. పైగుడ్డకు, జిగురుకు కాదు.

గాట్స్ అంటే సేంద్రియ నూలు, గోల్స్ అంటే సేంద్రియ రబ్బరు పాలు. రబ్బరు పాలు పడనివారికి గోల్స్ ముద్ర ఉన్నా ఆ పరుపు పడదు. ఒంటి తత్వాన్ని, అంటే మిజాజ్‌ని ఏ ముద్రా చూడదు.

ఇ-1 అని బోర్డు మీద ఉంటే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వదిలే రకమని అర్థం. ఇ-2 అంటే ఎక్కువ. మంచం, బీరువా కొనేవారు ముఖ్యంగా అడగవలసినది ఇదే.

మన ఎండ సంగతి

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇ-1 రకానికి యూరప్‌లో చేసే గది పరీక్ష 23 డిగ్రీల వేడిలో చేస్తారు. మన వేలూరు ఎండ మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. వేడి, తేమ పెరిగేకొద్దీ బోర్డు వదిలే వాయువు పెరుగుతుంది. 2005లో అమెరికాలో కత్రినా తుపానుకు ఇళ్ళు పోగొట్టుకున్నవారిని ప్రభుత్వం ట్రెయిలర్ ఇళ్ళలో ఉంచింది. కళ్ళ మంటలు, ఊపిరి ఇబ్బందులు అని వాళ్ళు మొత్తుకున్నారు. 2008లో పరీక్షలు చేయించి, ఎండాకాలం రాకముందే వాళ్ళను అక్కడి నుంచి తరలించాలని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. 2010లో బోర్డుల జిగురు మీద చట్టం వచ్చింది. కాబట్టి ఇ-1 ఉన్నా సరే, రేకుల కప్పు కింద కిటికీ మూసిన గదిలో కొత్త మంచం వేసుకుని పడుకోవడం మంచిది కాదు.

తోలు సోఫా, పాలారు నీళ్ళు

పర్యావరణ ముద్ర మన ముక్కు కోసమే కాదు, ఊరి నీళ్ళ కోసం కూడా. ఇది మన జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. తోళ్ళ కార్ఖానాల మురికితో పాలారు పాడైన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో, పూర్తిగానో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో ఉంది. పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పుతో మన దేశంలో గట్టిపడింది. అయినా బాధ తీరక 2025 జనవరి 30న మళ్ళీ అదే కోర్టు నష్టపరిహారం, నది శుద్ధి గురించి ఆదేశాలిచ్చింది. తోలు సోఫా కొనేవారు ఆ తోలు ఊనిన కార్ఖానా మురికినీటిని శుద్ధి చేస్తుందా అని అడిగితే, ఆ ప్రశ్న మన బావి కోసమే.

ముద్ర లేనివన్నీ చెడ్డవా?

కాదు. ముద్ర పొందాలంటే పరీక్షల ఖర్చు, కాగితాల పని ఉంటాయి. గుడియాత్తంలో మగ్గం మీద నేసే చేనేత కార్మికుడు, వీధి చివర వడ్రంగి, పరుపులు కుట్టే అతను అవి భరించలేరు. వాళ్ళ సరుకు మంచిదే కావచ్చు. అక్కడ ముద్రకు బదులు మన కళ్ళు, మన ప్రశ్నలు. గట్టి చెక్కతో చేసిన మంచంలో జిగురు బహు తక్కువ. మన ముందే దూది నింపి కుట్టిన పరుపుకు రుజువు మన కళ్ళే. ముద్ర కోసం అప్పు చేసే బదులు, తెలిసిన వడ్రంగి దగ్గర సాదా మంచం చేయించుకోవడం చాలా ఇళ్ళకు మేలు.

కొనే ముందు ఇవి చేయండి

1. ముద్ర ఇచ్చింది ఎవరు, ఏ భాగానికి ఇచ్చారు అని అడగండి. పైగుడ్డకా, ఫోముకా, చెక్కకా, మొత్తానికా?

2. ముద్ర పక్కన నంబరు ఉండాలి. ఐ.ఎస్.ఐ. లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో మీ పిల్లలతో చూపించుకోండి.

3. దుకాణదారు నోటితో చెప్పింది బిల్లు మీద రాయించండి. రాయనంటే అర్థం చేసుకోండి.

4. రుజువు లేకుండా 'గ్రీన్' అని ప్రకటించుకోవడాన్ని అడ్డుకోవడానికి 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి.

5. సారె సామాను పెళ్ళికి నెల ముందే కొని, కవర్లు తీసి, గాలి ఆడే చోట ఉంచండి. బీరువా తలుపులు తెరిచి ఉంచండి. పెళ్ళి రోజు విప్పితే ఆ వాసనంతా కొత్త జంటకే.

ఇంట్లో జాగ్రత్తలు

ఎంత గొప్ప ముద్ర ఉన్న పరుపైనా నాలుగు నెలలు దులపకపోతే దుమ్ము పురుగులు చేరతాయి. నజ్లా, తుమ్ములు, ఆయాసం ఉన్నవారిని చాలాసార్లు బాధించేది ఇవే. దూది పరుపును, దిండ్లను తరచూ ఎండలో వేసి దులపండి. దులిపేటప్పుడు ఆయాసం ఉన్న మనిషి దూరంగా ఉండాలి. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి బాగా వేడినీళ్ళలో ఉతకండి. ఫోము, రబ్బరు పరుపులను మాత్రం ఎండలో వేయకండి, చెడిపోతాయి. వాటిని నీడలో గాలికి నిలబెట్టండి. గదిలో రోజూ కిటికీ తెరవండి. వాసన పోవడానికని సాంబ్రాణి పొగ, సెంటు కొట్టకండి. ఆయాసం ఉన్నవారికి అది ఇంకా చేటు.

మరి ఆ తండ్రి అడిగినదానికి జవాబు? పరుపు ఏదైనా అది మందు కాదు. మంచి పరుపు ఆయాసాన్ని నయం చేయదు, రేపే కారణాలను కొన్నింటిని తగ్గిస్తుంది, అంతే. అమ్మాయి వాడుతున్న ఇన్‌హేలర్‌ని, డాక్టరు ఇచ్చిన మందులను పరుపు మార్చామని మానిపించకండి, నా మందు వేసుకుంటున్నామని కూడా మానిపించకండి. రాత్రిపూట మాట రానంతగా ఆయాసం వస్తే, పెదవులు నీలంగా మారితే హకీం కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సారె సామానుతో పాటు ఈ నాలుగు మాటలు అల్లుడు గారికీ, వియ్యపురాలికీ చెప్పి పంపండి. పచ్చాకు బొమ్మ కన్నా అవి ఎక్కువ ఉపయోగపడతాయి.