సగం వెలుగు... సగం కాదు!

కంప్యూటర్లో పెళ్లి ఫొటోలు కళకళలాడుతుంటాయి. తీరా ఆల్బమ్ చేతికొచ్చాక చూస్తే... మండపం మూలన కూర్చున్న బామ్మ ముఖం చీకట్లో కలిసిపోయి ఉంటుంది! తప్పు ఒక్కోసారి కెమెరాదీ కాదు, స్టూడియోదీ కాదు. ఫొటోను సరిచేసిన తెరది. ఆ తెర వెనకున్న లెక్క పేరే 'గామా'.

చీకటి గదిలో ఒక దీపం వెలుగుతోంది. పక్కన రెండోది వెలిగిస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అదే వంద దీపాల మధ్య నూటొకటోది వెలిగిస్తే..? ఎవరూ గమనించరు. కంటి తీరే అంత. నీడల్లో చిన్న తేడానీ పట్టేస్తుంది, వెలుగులో పెద్ద తేడా ఉంటేగానీ గుర్తించదు. తనమీద పడిన వెలుగులో 18 శాతాన్నే తిప్పి పంపే బూడిదరంగు అట్ట కూడా నలుపు తెలుపులకు మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది.

సాధారణ డిజిటల్ ఫొటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకూ 256 మెట్లు. వెలుగు కొద్దీ వాటిని సమానంగా పంచితే నీడలకు దక్కేవి కొన్నే. నల్లటి జుట్టు, చీర మడతలు చారలు చారలుగా కనిపిస్తాయి. అందుకే నీడలకు ఎక్కువ మెట్లు కేటాయించి ఫొటోను భద్రపరుస్తారు. చూపించేటప్పుడు తెర ఆ లెక్కను తిరగేస్తుంది. ఇదే గామా కరెక్షన్.

దీనికి మూలం పాత టీవీలు. పిక్చర్ ట్యూబ్‌కు వోల్టేజీ సగం ఇస్తే వెలుగు సగం రాదు, దాదాపు అయిదో వంతే వస్తుంది. ఇంటింటి టీవీలో సవరణ పెట్టేకన్నా ప్రసారానికి ముందే చేసేయడం చౌక. ట్యూబులు పోయాయి... లెక్క మిగిలింది! 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన 'ఎస్ఆర్‌జీబీ' 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని గామా సుమారు 2.2. యాపిల్ మాక్ కంప్యూటర్లు అప్పట్లో 1.8 వాడేవి. దాంతో అక్కడ సరిచేసిన ఫొటో విండోస్ తెరమీద నల్లబడేది. 2009లో యాపిల్ కూడా 2.2కి మారింది.

మరి తెర బ్రైట్‌నెస్ పెంచితే సరిపోదా? పోదు. మొత్తం వెలుగు పెరుగుతుందే తప్ప నీడల నిష్పత్తి మారదు. పైగా ఫొటో బాగానే ఉందని భ్రమపడతాం. ప్రింటుకిచ్చే ముందు బ్రైట్‌నెస్ తగ్గించి, మరో తెరమీదా చూసుకోవడం మేలు.

ఆల్బమ్ అయితే మళ్లీ వేయించుకోవచ్చు. ఎక్స్‌రే అలా కాదుగా! అందుకే డాక్టర్లు ఎక్స్‌రేలు పరిశీలించే ప్రత్యేక తెరలకు 'డైకామ్' అనే వేరే ప్రమాణం ఉంది. బూడిదరంగులో ప్రతి మెట్టూ కంటికి సమానంగా తెలిసేలా వాటిని సరిచేస్తారు. ఫోన్లో వచ్చిన ఎక్స్‌రే చూసి 'ఏమీ లేదులే' అనుకోవద్దు. ఆ లేత నీడ తెరలోనే దాగి ఉండొచ్చు!