నలుగురిలో మౌనము

శ్రావణ మంగళవారపు పేరంటములు మన యిండ్లకు శోభ. పసుపు రాచిన పాదములు, పూలదండలు, నానబెట్టిన శనగలు, తాంబూలములు చూచినప్పుడు ఎట్టి మనస్సునకైనను ఆహ్లాదము కలుగును. అట్టి యొక పేరంటములో మేము చేసిన తప్పును సోదరీమణులకు విన్నవించుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అది మా యొక్కరి తప్పే యైనచో మనస్సులోనే దాచుకొని యుందుము. నలుగురు కూడిన చోటనెల్ల జరుగుచుండు తప్పని తోచుటచే వ్రాయుటయే మేలనుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంపన్న గృహమునకు పేరంటమునకు పోయితిమి. ఇరువదిమందికి పైగా స్త్రీలు కూడియుండిరి. ఆ వీధిలోనే కాపురముండు ఒక బీద వితంతువు కూతురు, పదునాలుగేండ్ల బాలిక, మా ప్రక్కనే కూర్చుండి ఆకులు వక్కలు సవరించి వాయనములు సిద్ధపరచుచుండెను. ఇంతలో వెండి కుంకుమభరిణ కనబడలేదన్న మాట పుట్టినది. "ఆ పిల్లను అడిగి చూడరాదా" యని యెవరో యనిరి. ఇంటి యజమానురాలు బాలికను పిలిచి, అందరి యెదుటను ఓణీ చెంగు దులిపి చూపుమనెను. ఆ పిల్ల మా ప్రక్కనుండి లేవలేదు. భరిణ యుంచిన పీట దాపునకు పోనేలేదు. ఇది మేము కన్నులార చూచితిమి. అయినను మా నోట మాట రాలేదు. చుట్టును జూచితిమి, అందరును తలలు వంచుకొని యుండిరి. ఇంతమంది పెద్దలు ఊరకున్నప్పుడు మనకేల, వారికి తెలిసినది మనకు తెలియదేమో యని సరిపెట్టుకొంటిమి. బాలిక చెంగు దులిపి, కన్నీరు తుడుచుకొనుచు వెడలిపోయెను. కొంతసేపటికి భరిణ పూలబుట్టలో దొరికినది.

తిరిగి వచ్చుచు త్రోవలో నలుగురము మాటలాడుకొంటిమి. "ఆ పిల్ల తీయలేదని నాకు ముందే తోచినది" అని యొకామె యనెను. "నాకును అట్లే తోచినది గాని, మీరందరు ఊరకుంటిరి గదా యని నేనును ఊరకుంటిని" అని మరియొకామె యనెను. మేమును ఆ మాటయే యంటిమి. అనగా ఒకరి మౌనమును జూచి యొకరు అది సమ్మతియని భ్రమించితిమి. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఆనాటి మా మౌనములో సగపాలైనను అంగీకారము లేదు. కాని ఆ బాలిక దానిని సంపూర్ణాంగీకారముగనే గ్రహించి యుండును.

చిన్ననాడు మా తండ్రిగారు భారతము చదివించునప్పుడు సభాపర్వమున ఒక సందేహము మమ్ము వదలకుండెను. భీష్మద్రోణులంతటివారు కూర్చుండిన సభలో ద్రౌపదికి అంతటి పరాభవము ఎట్లు జరిగెను? తన్ను దానోడిన పిమ్మట ధర్మరాజునకు భార్యను పందెమొడ్డు అధికారము కలదా యని ఆమె యడిగెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెనే గాని తీర్పు చెప్పడాయెను. అప్పుడు దుర్యోధనుని తమ్ములలో నొకడగు వికర్ణుడు లేచి, ఆమె న్యాయముగా గెలువబడినది కాదని పలికెను. వ్యాసభారతమున అటుపిమ్మట జరిగినది గమనింపదగినది. ఆ మాట వినగానే సభ్యులు పెద్దపెట్టున వికర్ణుని పొగడి శకునిని నిందించిరి. అనగా వారి మనస్సులలో న్యాయము లేకపోలేదు. మొదట నోరు తెరచువాడు లేకుండెను. కాని కర్ణుడు వికర్ణుని పసివాడవని గద్దించినతోడనే అతనికి తోడుగా లేచి దుష్కార్యమును మాన్పినవారు లేకపోయిరి. తరువాత విదురుడు హెచ్చరించినను రాజులు బదులు పలుకరైరి.

ఈ విషయమునే మన కాలపు శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికాలో ఆచార్యుడుగా నుండిన సాలమన్ ఆష్ తన పరీక్షల ఫలితములను 1951లోను ఆ తరువాతను ప్రకటించెను. ఒక అట్టమీద ఒక గీత. వేరొక అట్టమీద పొడవులు వేరైన మూడు గీతలు. ఆ మూటిలో మొదటి గీతకు సమానమైనది ఏదో చెప్పవలెను. ఒంటరిగా నడిగినప్పుడు నూటికి ఒక తప్పైనను రాని సులభమైన పని. కాని ఏడెనిమిది మందిని కూర్చుండబెట్టి, ఒకడు తప్ప తక్కినవారందరు ఒకే తప్పును చెప్పునట్లు ముందే ఏర్పాటు చేసిరి. సంగతి తెలియని ఆ యొక్కని వంతు చివరలో వచ్చును. అట్టివారు చెప్పిన సమాధానములలో నూటికి సుమారు 37 ఆ తప్పునకే లోబడినవి. ఎన్నడును లోబడనివారు నాలుగింట నొకవంతు మాత్రమే.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆ గుంపులో ఇంకొకడు నిజము చెప్పునట్లు చేసినప్పుడు ఆ తప్పులు నాలుగవ వంతునకు దిగిపోయినవి. సమాధానమును బిగ్గరగా చెప్పక కాగితముమీద వ్రాసి యిచ్చునప్పుడును తప్పులు చాల తగ్గినవి. ఆ పరీక్షలకు వచ్చినవారు అమెరికా కళాశాలలలో చదువు యువకులు. మన పేరంటములకు వచ్చువారు కారు. అయినను వారి స్థితి మాకు పరాయిదిగా తోచలేదు.

1968లో లటానే, డార్లీ అను ఇరువురు మరియొక పరీక్షను ప్రకటించిరి. ఒక గదిలో విద్యార్థి కూర్చుండి కాగితములు నింపుచుండగా గోడ సందునుండి పొగ వచ్చును. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచి పోయి చెప్పిరి. పొగను లెక్కచేయనట్లు నటించు ఇద్దరు ప్రక్కన నున్నప్పుడు నూటికి పదిమందియే చెప్పిరి. తక్కినవారు కన్నులు నులుముకొనుచు, దగ్గుచు కూర్చుండిరేగాని ప్రక్కవారి ముఖములను జూచి అపాయము లేదనుకొనిరి.

దీనికి కారణములు మూడుగా మాకు తోచుచున్నవి. మన కన్నులకంటె పదిమంది కన్నులు మేలని నమ్ముట మొదటిది. నలుగురిలో నవ్వులపాలగుదుమన్న భయము రెండవది. ఎవరో ఒకరు చెప్పకపోదురా యని భారమును పంచుకొనుట మూడవది. "నలుగురితో నారాయణ" యన్నది మంచి పనులకు మంచి మాటయే. కాని ఆ నలుగురును మనవంకనే చూచుచున్నారని మనము మరచుచున్నాము.

మావారు బడిపంతులు. తెలిసినవారు చేయెత్తుడనగా పిల్లలు ముందు ప్రక్కకు జూచి పిమ్మట చేయెత్తుదురట. అందుచే ఆయన పలకలమీద వ్రాయించి ఒక్కసారిగా చూపుమందురు. మన యిండ్లలోను ఇట్టి యుపాయములు చేయవచ్చును. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు పెద్దలు తమ యభిప్రాయము చెప్పకమునుపే పెండ్లికూతురిని ఏకాంతమున అడుగవలెను. కోడండ్ర మాట ముందు విని, అత్తగారు చివర మాటలాడవలెను. నిందను ఆపుటకు వాగ్ధాటి అక్కరలేదు. "పిన్నిగారూ, పిల్ల ఇంతసేపును నా ప్రక్కనే యున్నది, ముందు పూలబుట్ట వెదుకరాదా?" యన్న చిన్నమాట చాలియుండెడిది. మొదటి మాట చెప్పలేనివారు ఇంకొకరు చెప్పినప్పుడు "నిజమే" యని రెండవ మాటయైనను చెప్పవలెను. వికర్ణునికి లేకపోయినది ఆ రెండవ మాటయే.

మరునాడు మేము ఆ బాలిక యింటికి పోయి క్షమాపణ చెప్పుకొంటిమి. తల్లి చాప వేసి కూర్చుండబెట్టి, "అమ్మా, మీరు వచ్చితిరి, సంతోషము. కాని అవమానము ఇరువదిమందిలో జరిగినది, ఓదార్పు మాత్రము నా గుడిసెలో జరుగుచున్నది" అనెను. ఆ మాటకు మా యొద్ద బదులు లేకపోయినది.

పై మంగళవారము అదే స్త్రీల నడుమ మేము చూచినది చూచినట్లు చెప్పితిమి. గొంతు వణకినది. క్షణకాలము నిశ్శబ్దము, పిమ్మట ఒకామె, ఆ వెనుక మరి యిద్దరు "నిజమే" యనిరి. ఇంటి యజమానురాలు తల వంచుకొని, ఆ బాలికకు కబురంపెను. బాలిక రాలేదు. ఆమె రాకపోవుట న్యాయమే. మా మాట ఒక వారము ఆలస్యముగా వచ్చినది.

సోదరీమణులారా, మీ మాట ఆలస్యము కాకుండుగాక.