మంచె మీద తుపాకీ ఏమైంది?

మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే కిన్నెరసాని పక్క ఊళ్లలో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. పోయిన భాద్రపదంలో పాల్వంచ దాటాక అడవి అంచున ఒక చేలోకి వెళ్లాను. గట్టు వెంట పాత చీరలు వరసగా కట్టి ఉన్నాయి. మనిషున్నాడనుకుని పందులు బెదురుతాయని కడతారు. ఒక మూల ఎర్రచీర చిరిగి బురదలో పడి ఉంది. అక్కడి నుంచి లోపలికి పది సాళ్లు నేలమట్టం. కర్రను మోకాలెత్తున విరిచి, కంకిని సగం నమిలి వదిలేసి, పక్క కర్ర మీద పడ్డాయి. గిట్టల గుంటల్లో రాత్రి కురిసిన వాన నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆ రైతుకు ముప్ఫై ఏళ్లుంటాయేమో. "అన్నా, మా తాతకు లైసెన్సు తుపాకీ ఉండేది. గోడకు ఆ రెండు మేకులు ఇప్పటికీ ఉన్నయి. నాకెందుకు ఇయ్యరు? ఇచ్చినా కొందామంటే ఏడ దొరుకుతది?" అన్నాడు.

అతను అడిగింది ఒక్క తుపాకీ గురించే. జవాబు మాత్రం యాభై ఏళ్లు వెనక్కి వెళ్లి చెప్పాలి.

ముందు ఏ తుపాకీ అన్నది తేల్చుకుందాం. తాత దగ్గర ఉన్నది రైఫిల్ కాదు. మూతి వైపు నుంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసపు రవ్వలు వేసి, ఇనుప చువ్వతో దట్టించే నాటు తుపాకీ. దాని గొట్టం లోపల నునుపుగా ఉంటుంది. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. ఆ గాడుల వల్ల తూటా బొంగరంలా తిరుగుతూ చాలా దూరం గురి తప్పకుండా పోతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ఈ రెంటినీ వేరు చేసి చూసింది. నిజంగా పంట కాపాడుకోవడానికైతే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే మరో నునుపు గొట్టం తుపాకీకి ఇవ్వవచ్చంది. రైఫిల్ కావాలంటే తగిన కారణం చూపాలి. అప్పట్లో చూపే కారణాల్లో పెద్దది షికారు.

షికారుకు అప్పుడు అనుమతి ఉండేది. రుసుము కట్టి, ఏ జంతువును ఎన్ని కొట్టవచ్చో రాసిన కాగితం తీసుకుని అడవిలోకి వెళ్లేవారు. తుపాకుల బజారు నిలబడింది ఆ కాగితం మీదే. వేటకు అనుమతి ఉన్నన్నాళ్లూ రైఫిల్ కొనేవాడికి తూటాలు కావాలి, తూటాలు కాలిస్తే మళ్లీ కావాలి, గొట్టం అరిగితే బాగుచేసే మిస్త్రీ కావాలి.

1970లో దేశమంతటా పులి వేట ఆగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అది కూడా ఒక్కసారిగా తలుపు మూయలేదు. పెద్ద వేటకు, చిన్న వేటకు లైసెన్సులిచ్చే సెక్షన్లు 1991 సవరణ దాకా పుస్తకంలో ఉన్నాయి. ఆ సవరణతో అవీ పోయాయి. అప్పటి నుంచి రైఫిల్ దరఖాస్తులో ‘వేట కోసం’ అని రాయడానికి వీల్లేదు. కారణం పోతే లైసెన్సు పోతుంది, లైసెన్సు లేనివాడు దుకాణం మెట్టు ఎక్కలేడు.

మన రైతుకు ఇంకో అడ్డంకి ఉంది. కిన్నెరసానిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం ప్రకటించిన మూడు నెలల్లోగా అందులోనో, దానికి పది కిలోమీటర్ల లోపో ఉంటున్న లైసెన్సుదారులంతా అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా ఒప్పుకోవాలి. అతని చేను అభయారణ్యం హద్దుకు కూతవేటు దూరం. తాతకు లేని అడ్డు మనవడికి ఎలా వచ్చిందంటే ఇలా వచ్చింది.

పైగా ఇది సరిహద్దుల నేల. ఒకప్పుడు గోదావరికి భద్రాచలం వైపు ఇంగ్లీషువాళ్ల పాలన, పాల్వంచ వైపు నిజాం పాలన. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఇప్పుడు భద్రాచలం నుంచి ఎటపాకకు నడిచి వెళ్తే రాష్ట్రం మారిపోతుంది. లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఒక్క రాష్ట్రానికే చెల్లేదైతే, భుజాన తుపాకీతో ఆ నాలుగడుగులు వేసినా నేరమే. సాయుధ పోరాటం నాటి నుంచీ ఈ అడవిలో ఇంట్లో తుపాకీ ఉండటం రెండు వైపుల నుంచీ ప్రమాదమే. దళం అడుగుతుంది, పోలీసూ అడుగుతాడు. ఆ భయానికి వదులుకున్నవాళ్లున్నారు, ముసలాయన పోయాక పేరు మార్పించుకోలేక స్టేషన్‌లో అప్పగించినవాళ్లున్నారు. మేకులు మిగిలాయి.

మరి వేట పోయింది కాబట్టి రైఫిళ్లు చవకై ఉండాలి కదా? కొన్ని చవకయ్యాయి, కొన్ని మండిపోయాయి. 1980లలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం ఆగిపోయింది. అంతకుముందే దేశంలోకి వచ్చిన ఇంగ్లీషు, జర్మన్ రైఫిళ్లే చేతులు మారాలి, కొత్తవి రావు. అడవిలో ఒక్క గుండు పేల్చే వీలు లేకపోయినా వాటి విలువ పెరిగింది. నాసిరకం పాత తుపాకుల గతి వేరు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది. మూడోది ఉన్నవాళ్లు దాన్ని అప్పగించాలి, లేదా వదిలించుకోవాలి. అమ్మేవాళ్లు పెరిగి కొనేవాళ్లు లేనప్పుడు తాతల నాటి వస్తువుకు ఏం ధర పలుకుతుంది? పన్నెండు బోరు తుపాకీకి మాత్రం కొత్త గిరాకీ దొరికింది. బ్యాంకు గుమ్మం దగ్గర సెక్యూరిటీ గార్డు భుజాన కనిపించేది అదే. అడవి అంచున పంటను కాయవలసిన తుపాకీ పట్నంలో డబ్బును కాస్తోంది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

చట్టం మారితే తుపాకీ ధరే కాదు, రూపమూ మారుతుంది. సైన్యం ఒకప్పుడు వాడిన .303 తూటా పౌరులకు నిషిద్ధం. అందుకని పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .315 రైఫిల్ చేసింది. తూటా కొలత మార్చారు గానీ రైఫిల్ తీరు చాలావరకు అదే. అంతకుముందు 1907 ప్రాంతంలో, తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో .450 రైఫిళ్లను నిషేధించింది. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ .465 అనే కొత్త కొలత తయారుచేసింది. అమెరికాలోనూ ఇదే తీరు. మిషిగన్, ఒహాయో రాష్ట్రాలు 2014లో జింకల వేట నిబంధన మార్చి, సాదా గొట్టంలా నిటారుగా ఉండే తూటాల రైఫిళ్లను ఒప్పుకున్నాయి. 2019లో వించెస్టర్ ఆ నిబంధనకు సరిపోయేలా .350 లెజెండ్ తూటాను బజారుకు తెచ్చింది. అక్కడ వేట సాగుతోంది కాబట్టి నిబంధన మారితే కొత్త సరుకు పుట్టింది. ఇక్కడ వేట ఆగిపోయింది కాబట్టి ఉన్న సరుకే మూలపడింది.

కోయల సంగతి చెప్పకుండా దాటేయలేను. భద్రాచలం ఏజెన్సీలో భూమి పండుగకు మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం ఆచారం. విత్తనం చల్లే ముందు చేసే పండుగ అది. 1972 చట్టం వేట విషయంలో నికోబార్ దీవుల గిరిజనులకు మినహాయింపు ఇచ్చింది, మన ఏజెన్సీ గిరిజనులకు ఇవ్వలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను పక్కన పెట్టింది. అడవిలో జంతువు మిగలాలంటే వేట ఆగాల్సిందేనని నేనూ నమ్ముతాను. కానీ రుసుము కట్టి పులుల్ని కొట్టినవాడినీ, పండుగకు బాణం పట్టినవాడినీ ఒకే గాటన కట్టడం సబబని నాకు తోచదు.

తుపాకీ పోయాక దాని చోటు ఖాళీగా ఉండలేదు. ఉచ్చు వచ్చింది. పిండిముద్దలో నాటు బాంబు వచ్చింది. అన్నిటికన్నా ఘోరం కరెంటు తీగ. కొక్కెం వేసి లైన్ నుంచి తీగ లాగి, నేలకు జానెడెత్తున చేను చుట్టూ బిగిస్తారు. తుపాకీకి లైసెన్సు కావాలి, తీగకు అక్కర్లేదు. తుపాకీ పట్టినవాడు ఎదురున్నది పందో మనిషో చూస్తాడు. తీగ చూడదు. పక్క చేనుకు నీళ్లు పెట్టబోయిన మనిషి పోతాడు, మేతకు తిరిగే ఎద్దు పోతుంది, చిరుత పోతుంది. చిరుతలా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు చస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా.

"మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు రైతు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ గురించి చెప్పాను. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అది పంటకు ముప్పు తెచ్చినప్పుడు, అధికారం ఉన్న అధికారి కారణాలు రాసి, దాన్ని చంపడానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కాల్చేది ఆ అనుమతి ఉన్నవాళ్లే. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం ఎవరూ పంచుకోకూడదు. కాబట్టి దీనికోసం అతను తుపాకీ కొనాల్సిన పని లేదు. అర్జీ పెట్టాలి, నష్టం చూపాలి. ఇబ్బందల్లా అర్జీ నడిచే వేగానికీ పంది నడిచే వేగానికీ పొంతన లేకపోవడమే. కంకి పాలు పట్టి ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే అనుమతీ, కాల్చేవాడూ చేను దగ్గరికి వచ్చేలా మండలంలోనే ఏర్పాటు ఉండాలి. లేకపోతే కరెంటు తీగను ఆపడం ఎవరి తరమూ కాదని నా భయం.

అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇంట్లోంచి చిన్నకూతురి పాత నోటుబుక్కు, పెన్ను తెచ్చుకున్నాడు. విరిగిన సాళ్ల మధ్య వంగి ఒక్కో కర్రనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడో సాలు దగ్గర ఆగి, "సగం నమిలినయి కూడా రాయాల్నా అన్నా?" అని అడిగాడు. రాయమన్నాను.