పీటు నేలల్లో ప్రాణుల లెక్క

నీటిలో నాని, ప్రాణవాయువు అందక, పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు వేల సంవత్సరాలుగా పేరుకొని ఏర్పడిన నేలయే పీటు. అది ఏటా సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. స్కాట్లాండు ఉత్తరభాగంలోని ‘ఫ్లో కంట్రీ’ అటువంటి విశాల భూభాగం. 2024లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అచ్చటి జీవవైవిధ్యాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు క్వాడ్రాట్ అనే చతురస్రాకారపు చట్రాన్ని నేలపై ఉంచుతారు. అందులో ఏయే మొక్కలున్నాయో, ఒక్కొక్కటి ఎంత శాతం నేలను కప్పిందో వ్రాసుకొంటారు. స్ఫాగ్నం నాచులలో ఒక జాతిని మరొక జాతి నుండి వేరుపరచడానికి ఒక్కొక్కసారి సూక్ష్మదర్శిని కూడ అవసరమవుతుంది. పక్షులను గూళ్లు కట్టే కాలంలో లెక్కిస్తారు.

అయితే జాతుల సంఖ్యను మాత్రమే చూస్తే పొరపాటు తప్పదు. 1980వ దశకంలో అచ్చట పలుచోట్ల కాలువలు త్రవ్వి, నీటిని మళ్లించి, స్ప్రూస్, పైన్ వృక్షాలను నాటారు. ఆరిన పీటు మీదికి గడ్డి, పొదలు, అడవి పక్షులు చేరుతాయి. లెక్కలో జాతులు పెరిగినట్లే కనిపించవచ్చు. కాని స్ఫాగ్నం, కీటకాలను భక్షించే డ్రోసెరా, డన్లిన్ అనే ఉల్లంకి జాతి పిట్ట తరిగిపోతాయి. గడ్డి మరెక్కడైనా బ్రతుకుతుంది. వీటికి అటువంటి వెసులుబాటు తక్కువ. అందుచేతనే పరిశీలకులు పీటు నేలకు ప్రత్యేకమైన జాతులను విడిగా లెక్కకడతారు. సన్నని గొట్టాలను నేలలోకి దింపి నీటిమట్టాన్నీ కొలుస్తారు.