అవ్వ పెట్టెలోని చందమామలు

కార్వేటినగరంలో మా అవ్వ ఇంట ఒక ట్రంకుపెట్టె ఉండేది. నిండా పాత చందమామలే! 1947 జులైలో మద్రాసులో మొదలయిన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు.

మొదటిసారి కథ ఏమవుతుందోనన్న ఆత్రంలో బొమ్మలు సరిగా చూడనేలేదు. రెండోసారి చదివినప్పుడు గదా, శంకర్ గీసిన విక్రమార్కుడి చేతిలోని కత్తీ, భుజం మీది శవమూ తీరిగ్గా చూశాను!

ఒక సీరియల్లో నడిమి సంచిక లేదు. గుహలో చిక్కిన వీరుడు ఆ పై సంచికలో రాజసభలో ఉన్నాడు! ఎలా బయటపడ్డాడో రోజుకొక విధంగా ఊహించుకునేవాణ్ణి.

పాత కాగితం ఎందుకు పసుపుపచ్చనవుతుందో తెలుసా? చవక కాగితపు కొయ్యగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలితే అది రంగు మారుతుంది. అవ్వకు ఆ పేరు తెలియదు గాని, పెట్టె మూత తెరిచి ఉంచనిచ్చేది కాదు.

ఇప్పుడా పెట్టె నా దగ్గరుంది. ఆ ఒక్క సంచిక కోసం పాతపుస్తకాల అంగళ్లలో ఇంకా వెతుకుతున్నాను.