బోరు నీటికి పొదుపు లెక్క

మోమిన్‌పేట్: యాసంగిలో బోరు నీటిపైనే ఆధారపడిన రైతు ఏ పంట ఎంత వేయాలన్నది క్లిష్టమైన ప్రశ్న. కంప్యూటర్ శాస్త్రంలోని ‘గ్రీడీ’ పద్ధతి ప్రకారం, తక్కువ నీటితో ఎక్కువ లాభమిచ్చే పంటకే తొలి ప్రాధాన్యం.

ఉదాహరణకు 4 ఎకరాల పొలం, 3 ఎకరాల వేరుశనగకు సరిపడా నీరు ఉన్నాయనుకుంటే, శనగకు ఎకరాకు అందులో సగం నీరు చాలు. ఎకరాకు లాభం వేరుశనగపై రూ.20 వేలు, శనగపై రూ.12 వేలు అయితే నీటి లెక్కన శనగే మేలు. కానీ పొలమంతా శనగ వేస్తే రూ.48 వేలే, మూడో వంతు నీరు మిగిలిపోతుంది. వేరుశనగే వేస్తే రూ.60 వేలు; ఎకరం బీడుగా ఉంటుంది. చెరి 2 ఎకరాలు వేస్తే నీరు, నేల రెండూ వినియోగమై రూ.64 వేలు వస్తాయి.

నీటికే కొరతైతే గ్రీడీ పద్ధతి చాలు. నేల కూడా పరిమితమైతే రెండింటినీ కలిపి లెక్క వేయాలి.